అడవి దారికి రెండో స్టెప్నీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

వానలు తగ్గుముఖం పట్టగానే బొగత, లక్నవరం, కాళేశ్వరం వైపు కార్లు కదులుతాయి. కొన్ని అక్కడితో ఆగకుండా గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌కో, మహారాష్ట్రలోని గడ్చిరోలి అడవులకో పోతాయి. ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు టైర్ల గురించే కాబట్టి ఈ నెల శీర్షిక మొత్తం స్టెప్నీకే ఇస్తున్నాం.

ప్రశ్న: మాది స్కార్పియో-ఎన్. ఐదుగురం కలిసి ఏటూరునాగారం, వాజేడు మీదుగా భూపాలపట్నం, బీజాపూర్, జగదల్‌పూర్ పోయి రావాలనుకుంటున్నాం. ఒక స్టెప్నీ ఉండగా ఇంకోటి ఎందుకని ఇంట్లో అంటున్నారు. నిజంగా అవసరమా?
— పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు చెప్పిన దారికి అవసరమే. మేకులకో ముళ్లకో భయపడి మాత్రం కాదు. ట్యూబ్‌లెస్ టైరుకు రోడ్డును ఆనే భాగంలో మేకు దిగితే పంచర్ కిట్టులోని జిగురు పురితో (రంధ్రంలోకి దూర్చే జిగురు తాడు ముక్కతో) పావుగంటలో మూసుకుని ముందుకు పోవచ్చు. 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రం ఏదైనా దీనికి లొంగుతుంది. సర్కారు తుమ్మ ముల్లయినా, లారీ నుంచి రాలిన స్క్రూ అయినా అంతే.

పురికి లొంగనిది టైరు పక్కభాగం తెగడం. రోడ్డును ఆనే చోట రబ్బరు కింద స్టీలు తీగల పట్టీలుంటాయి. పక్కన అవి ఉండవు. దారపు పొర, దాని మీద పలుచటి రబ్బరు, అంతే. పైగా చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ భాగం వంగి లేస్తుంది కాబట్టి ఏ అతుకూ నిలవదు. చేల దారుల్లో ఏటవాలుగా నరికిన పత్తికట్టె మొదళ్లు ఈ పక్కభాగంలోనే దిగుతాయి. తారు రోడ్డు మీద దీనికి పెద్ద శత్రువు గుంత అంచు. పదునైన అంచును వేగంగా కొడితే రిమ్ముకూ ఆ అంచుకూ మధ్య టైరు నలిగి లోపలి దారాలు పటపట తెగుతాయి. ముందు చక్రం పడిన గుంతలోనే అదే పక్కనున్న వెనక చక్రమూ పడుతుంది. ఒక్క దెబ్బకు రెండు టైర్లు పోయేది ఇలాగే. అప్పుడు ఒక్క స్టెప్నీతో బండి కదలదు.

ఇంకో సంగతి కూడా చూసుకోవాలి: మీ సైజు టైరు ఎక్కడ దొరుకుతుంది? 215/75 ఆర్15 బొలెరో సైజు. ఊరూరా తిరిగే బండి కాబట్టి చిన్న టౌన్లలోనూ దొరికే అవకాశం ఎక్కువ. మీ బండికి 17 లేదా 18 అంగుళాల రిమ్ములుంటాయి. ఆ సైజు టైరు ములుగు దాటాక దుకాణంలో సిద్ధంగా ఉంటుందని నమ్ముకుని బయల్దేరొద్దు. ఫోన్ చేసి వరంగల్ నుంచి తెప్పించుకుందామన్నా తాడ్వాయి అడవిలో సిగ్నల్ లేని చోట ఆగిపోతే ఆ దారీ ఉండదు.

మా లెక్క ఇదీ. వరంగల్ నుంచి బొగత పోయి సాయంత్రానికి తిరిగొచ్చేవారికి మంచి స్టెప్నీ ఒకటి, పురి కిట్టు, 12 వోల్టుల గాలి పంపు చాలు. రెండో స్టెప్నీ వల్ల వాళ్లకు బరువు పెరగడం తప్ప లాభం లేదు. 163వ జాతీయ రహదారి మీద గోదావరి దాటి భూపాలపట్నం వైపు పోయినా, కాళేశ్వరం వంతెన దాటి సిరొంచ, ఆలపల్లి అడవుల్లోకి పోయినా, రెండు మూడు రోజులు పెద్ద టౌను తగలదనుకున్నా రెండోది పెట్టుకోండి. గుంతల దారి కదా అని గాలి తగ్గించొద్దు. గాలి తక్కువైతే టైరు ఇంకా తొందరగా నలుగుతుంది. డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కరు మీద పూర్తి లోడుకు ఎన్ని పాయింట్లు (పీఎస్‌ఐ) రాసి ఉంటే అన్ని, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి.

ప్రశ్న: మా బండికి కంపెనీ ఇచ్చిన స్టెప్నీ మిగతా నాలుగు టైర్ల కన్నా చిన్న సైజు. రెండోది కూడా అదే సైజుది తీసుకోవచ్చా? మాది 4x4.
— పాఠకుడు, మంచిర్యాల

జవాబు: వద్దు. రెండోది కచ్చితంగా నాలుగు టైర్ల సైజుదే కావాలి. ఎందుకో లెక్క వేసి చూపిస్తాం. రోడ్డు మీది టైరు 255/60 ఆర్18 అనుకోండి. టైరు వెడల్పు 255లో 60 శాతం, అంటే పక్కభాగం ఎత్తు, 153 మిల్లీమీటర్లు. అది పైనా కిందా కలిపి 306. 18 అంగుళాల రిమ్ము 457. మొత్తం ఎత్తు 763 మిల్లీమీటర్లు. స్టెప్నీ 245/65 ఆర్17 అయితే ఇదే లెక్కన 750 వస్తుంది. 13 మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ కిలోమీటరుకు ఆ చిన్న చక్రం 7 చుట్లు ఎక్కువ తిరగాలి. వంద కిలోమీటర్లకు 700 చుట్లు. బండి తిన్నగా పోతున్నా డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) లోపలి పళ్లు ఆ తేడాను సర్దుతూ తిరుగుతూనే ఉంటాయి, నూనె వేడెక్కుతుంది. వెనక యాక్సిల్‌లో రెండు చక్రాలనూ కలిపి ఒకే వేగంతో తిప్పే లాకింగ్ డిఫరెన్షియల్ ఉంటే ఇంకా నష్టం.

చిన్న స్టెప్నీ వాడక తప్పకపోతే, వెనక చక్రాలతో నడిచే బండికి దాన్ని ముందు వైపు బిగించండి. తెగింది వెనక టైరైతే ముందున్న మంచి టైరును వెనక్కి మార్చి, స్టెప్నీ ముందు పెట్టాలి. రెండుసార్లు జాకీ ఎత్తాల్సి వచ్చినా ఈ కష్టం దండగ కాదు. ఆ చక్రం ఉన్నంతసేపు గట్టి రోడ్డు మీద 4హెచ్ (నాలుగు చక్రాలకూ ఇంజను బలం పంపే గేరు) వేయొద్దు. స్టెప్నీ మీద వేగం స్టిక్కరు ఉంటుంది, సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు. దాన్ని దాటొద్దు.

రెండోదానికి కొత్త టైరు కొనక్కర్లేదు. నాలుగు టైర్లు ఒకేసారి మార్చినప్పుడు పాతవాటిలో బాగున్నది ఒకటి దాచుకోండి. గాడి లోతు 4 మిల్లీమీటర్లయినా ఉండాలి, పక్కన బుడగలు ఉండకూడదు. చట్టప్రకారం 1.6 మిల్లీమీటర్ల వరకు నడపొచ్చు గానీ అడవి దారికి అది చాలదు. రిమ్ము సెకండ్‌హ్యాండ్‌ది తీసుకోవచ్చు. నట్ల సంఖ్య, నట్ల మధ్య దూరం, నడిమి రంధ్రం, రిమ్ము లోపలికి కూర్చునే లోతు నాలుగూ కలవాలి. ఫార్చ్యూనర్‌కు 6 నట్లు, ఇన్నోవా క్రిస్టాకు 5. రెండూ ఒకే కంపెనీవి కదా అని రిమ్ము అటుదిటు పట్టదు. స్టీలు రిమ్ము తెచ్చుకుంటే ఇంకో మెలిక ఉంది. కొన్ని అల్లాయ్ రిమ్ముల నట్టు అడుగు చదునుగా వాషరుతో ఉంటుంది, స్టీలు రిమ్ముకు మొన తేలిన నట్టు కావాలి. ఒకదాని నట్టు ఇంకోదానికి వేస్తే బిగిసినట్టే అనిపించి దారిలో వదులవుతుంది. తెచ్చిన రోజే ఇంటి దగ్గర బిగించి, చేత్తో చక్రం తిప్పి, బ్రేకు క్యాలిపర్‌కు (బ్రేకు డిస్కును పట్టి ఆపే భాగానికి) తగలడం లేదని చూసుకోండి. ముందు చక్రం చోటా, వెనక చక్రం చోటా బిగించి చూడాలి.

ప్రశ్న: రెండో స్టెప్నీ పైన క్యారియర్ మీద పెట్టాలా, డిక్కీలోనా? వెనక డోరు మీద ఉన్న స్టెప్నీకే ఇంకోటి జత చేసే బ్రాకెట్టు దొరుకుతుందని ఒక మెకానిక్ అంటున్నాడు. మాది థార్, కానీ మా బావమరిది ఫార్చ్యూనర్‌కు కూడా సలహా కావాలి.
— పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: మొదట ఆ బ్రాకెట్టు సంగతి. వద్దు. వెనక డోరు కీళ్లు ఒక్క చక్రం బరువుకు చేసినవి. 18 అంగుళాల చక్రం రిమ్ముతో కలిపి దాదాపు 30 కిలోలు. రెండోది దానికి బయటి వైపున వేలాడుతుంది కాబట్టి కీళ్ల మీద లాగుడు రెట్టింపు కన్నా ఎక్కువే. గతుకుల మీద బ్రాకెట్టు బోల్టుల చుట్టూ డోరు రేకు సన్నగా చీలడం మొదలవుతుంది. రంగు కింద ఉన్న చీలిక ముందు కనబడదు. డోరు మూసేటప్పుడు కొద్దిగా ఎత్తి మూయాల్సి వస్తే కీళ్లు జారాయని అర్థం. వెనక చూపు, బ్రేకు లైటు మూసుకుపోవడం వేరే తలనొప్పి. నంబరు ప్లేటుకు అడ్డం వస్తే జరిమానా కూడా పడుతుంది.

ఫార్చ్యూనర్‌లాంటి మూడు వరుసల బండ్లకు మా ఓటు డిక్కీకే. మూడో వరుస మడిచి, రెండో వరుస సీటు వీపుకు ఆనించి చక్రాన్ని పడుకోబెట్టండి. వాల్వు పైకి ఉంటే గాలి చూసుకోవడం సులువు. కింద పాత రబ్బరు మ్యాటు ముక్క వేస్తే జారదు. ఇక కట్టడం. దీంట్లో రాజీ పడొద్దు. గంటకు 50 వేగంలో బండి దేన్నైనా గుద్ది అర మీటరులో ఆగిందనుకుంటే, 30 కిలోల చక్రం దాదాపు 600 కిలోల బలంతో ముందుకు దూకుతుంది. దాని ముందు కూర్చునేది పిల్లలు. నైలాన్ తాడు, సాగే రబ్బరు కొక్కేల తాడు దీనికి పనికిరావు.

25 మిల్లీమీటర్ల వెడల్పున్న రాచెట్ పట్టాలు (పళ్ల మీటతో బిగించేవి) రెండు తీసుకోండి. ఒక్కోదాని మీద 500 కిలోలకు తగ్గకుండా పని బరువు రాసి ఉండాలి. తెగే బరువు వేరే అంకె, దాన్ని చూసి మోసపోవద్దు. పట్టాను రిమ్ము రంధ్రాల్లోంచి తీసి, ఒకదానికొకటి అడ్డంగా వచ్చేలా నేలలోని ఇనుప కొక్కేలకు బిగించాలి. ప్లాస్టిక్ కొక్కేలు కూరగాయల సంచికి సరిపోతాయి, చక్రానికి కాదు. ఇనుప కొక్కేలు లేకపోతే మడిచిన సీటు ఫ్రేమును నేలకు బిగించిన చోటికి కట్టండి. రిమ్ము నడుమ గుంటలో రెయిన్‌కోటు, గుడ్డలు, తాడు సర్దితే చోటు వృథా కాదు. బరువైన జాకీ, పానాలు మాత్రం విడిగా కట్టేయాలి.

థార్‌లో వెనక సీట్లో మనుషులుంటే డిక్కీలో చోటు ఉండదు. ఇద్దరే వెళ్తుంటే వెనక సీటు మడిచి ఇదే పద్ధతిలో లోపల కట్టుకోండి. నలుగురైతే మిగిలేది పైకప్పు. మీది మెత్తటి గుడ్డ టాపు అయితే అదీ కుదరదు. గట్టి టాపు మీద ఎంత బరువు పెట్టొచ్చో యజమాని పుస్తకంలో చూడండి. అందులో క్యారియర్ బరువు కూడా కలుస్తుంది. 75 కిలోల హద్దులో క్యారియరే 25 కిలోలుంటే మీకు మిగిలేది 50. అదీ మంచి రోడ్డు మీద. రాళ్ల దారికి ఆ 75ను మూడింట రెండు వంతులుగానే లెక్కపెట్టుకోండి. అంటే మొత్తం హద్దు 50 కిలోలు, క్యారియర్ పోగా 25. చక్రానికే చాలదు. ఈ కూడికా తీసివేతా చేయకుండా పైకెక్కించిన బండ్లకే పైకప్పు రేకు సొట్టబోతుంది.

హద్దు సరిపోతే పైన పడుకోబెట్టి, రెండు పట్టాలతో రిమ్ము రంధ్రాల్లోంచి కట్టి, ముందు వైపు ఇంకో తాడు జాగ్రత్తకు వేయండి. రబ్బరు అణిగి పట్టా వదులవుతుంది కాబట్టి బయల్దేరిన 20 కిలోమీటర్లకు ఒకసారి ఆగి రాచెట్ మళ్లీ బిగించాలి. బండి ఎత్తు ఒక జానెడు పెరిగిందని గుర్తుంచుకోండి, తాడ్వాయి అడవిలో కిందికి వాలిన కొమ్మలు ఎక్కువ. మలుపుల్లో బండి ఒరగడం కూడా తెలుస్తుంది. 30 కిలోలు తల పైనుంచి దించడానికి ఇద్దరు కావాలి.

ప్రశ్న: ఐదేళ్లయింది, బండి కింద వేలాడే స్టెప్నీని ఒక్కసారీ దించలేదు. బాగానే ఉంటుంది కదా?
— పాఠకుడు, ఉట్నూరు

జవాబు: ఇవాళే దించి చూడండి. రెండో స్టెప్నీ ఆలోచన ఆ తర్వాత.

కింద వేలాడే చక్రానికి బురద, నీళ్లు ఎప్పుడూ తగులుతుంటాయి. దాన్ని పట్టుకునే గొలుసు లేదా తీగ, దాన్ని చుట్టే గేరు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. బంపరు దగ్గరి రంధ్రంలో రాడ్డు పెట్టి తిప్పితే రాడ్డు తిరుగుతుంది, చక్రం దిగదు. ఈ సంగతి ఇంటి ముందు తెలిస్తే మెకానిక్ చూసుకుంటాడు. చీకట్లో తెలిస్తే స్టెప్నీ ఉండీ లేనట్టే. దిగాక గొలుసును వైరు బ్రష్షుతో రుద్ది, గ్రీజు పెట్టండి. రాడ్డు ముక్కలన్నీ టూల్ సంచిలో ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. సెకండ్‌హ్యాండ్ బండ్లలో మాయమయ్యేది అదే.

తర్వాత టైరు పుట్టిన తేదీ. పక్కభాగం మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది. ఐదేళ్లు దాటిన టైరును ఏటా విప్పించి లోపలా బయటా చూపించాలి, పదేళ్లు దాటినదాన్ని గాడి నిండుగా ఉన్నా వాడొద్దు. పక్కన వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తే అప్పుడే తీసేయండి.

గాలి నెలకు ఒకటి రెండు పాయింట్లు దానంతటదే తగ్గుతుంది. ఐదేళ్లుగా చూడలేదంటే మీది దాదాపు ఖాళీ అయి ఉంటుంది. స్టెప్నీకి మిగతా టైర్ల కన్నా 5 పాయింట్లు ఎక్కువ పట్టించి, వాడేటప్పుడు తగ్గించుకోవడం మేలు. గాలి తీయడం తేలిక, ఎక్కించడానికి పంపు కావాలి.

ప్రశ్న: నేనే నడుపుతాను. మా వైపు వానాకాలంలో రోడ్డు పక్కన జాకీ పెడితే భూమిలోకి దిగిపోతోంది. షాపులో గన్నుతో బిగించిన నట్లు నాతో ఊడవు. ఏం చేయాలి?
— పాఠకురాలు, ములుగు

జవాబు: రెండింటికీ మందు చవకైనదే. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న ప్లైవుడ్ చెక్క ఒకటి డిక్కీలో ఉంచండి. జాకీ అడుగు అరచేయంత కూడా ఉండదు, అందుకే మెత్తటి నేలలోకి దిగుతుంది. చెక్క మీద పెడితే బరువు పదింతల చోట పరుచుకుంటుంది. నల్లరేగడి మరీ తడిగా ఉంటే చెక్క కూడా జారుతుంది. అలాంటి చోట గాలి లేని టైరుతోనే పది పదిహేను అడుగులు నెమ్మదిగా ముందుకు నడిపి గట్టి నేల చేరండి. టైరు పాడైతే కానివ్వండి, జాకీ ఒరిగితే ప్రాణం మీదికొస్తుంది.

నట్లకు రెండడుగుల జీఐ పైపు ముక్క. వీల్ పానా పిడి దూరేంత లావుది. నట్టు బిగింపు సాధారణంగా 100 నుంచి 130 న్యూటన్ మీటర్ల మధ్య ఉండాలి. అడుగు పొడవు పానా మీద 35, 40 కిలోల బరువు వేస్తే వచ్చేది అదే. షాపు గన్ను దీనికి రెండింతలు బిగించేయగలదు. పైపు తొడిగితే సగం బలం చాలు. షాపులో టైరు మార్పించినప్పుడల్లా చివరి బిగింపు చేతి పానాతో చేయమని నిలబడి అడగండి. మొహమాటపడొద్దు.

వరుస ఇలా: హ్యాండ్‌బ్రేక్ వేసి గేరులో ఉంచి, మార్చే చక్రానికి ఐమూలగా ఎదురుగా ఉన్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లన్నీ అర చుట్టు వదులు చేయండి. ఎత్తాక వదులు చేద్దామంటే బండి ఊగుతుంది. ఎత్తేటప్పుడు మనుషులెవరూ లోపల ఉండొద్దు. స్టెప్నీని జాకీ పక్కన బండి కిందికి పడుకోబెట్టండి, జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. పాడైన టైరు నేల విడిచాక ఇంకో మూడు వేళ్లెత్తు లేపాలి, గాలి నిండిన టైరుకు అంత జాగా కావాలి. అల్లాయ్ రిమ్ము హబ్బుకు (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగానికి) అతుక్కుని రాకపోతే నట్లు రెండు చుట్లు ఉంచి, టైరు కింది భాగాన్ని అటూ ఇటూ పాదంతో తన్నండి. కొత్త చక్రం నట్లు ఒకదాని తర్వాత ఎదుటిది వచ్చేలా చేత్తో తిప్పి, బండి దించాక అదే వరుసలో గట్టిగా బిగించండి. 50 కిలోమీటర్ల తర్వాత మరోసారి బిగించి చూడాలి.

మీరు బాటిల్ జాకీ (సీసాలా నిలబడే నూనె జాకీ) కొనాలనుకుంటే కొనేముందు ఒక టైరు గాలి పూర్తిగా తీసి యాక్సిల్ కింద ఎత్తు కొలవండి. గాలి ఉన్నప్పుడు సులువుగా దూరిన జాకీ అప్పుడు దూరకపోవచ్చు.

ప్రశ్న: కొత్త కారుకు స్టెప్నీయే ఇవ్వలేదు, పంచర్ కిట్టు ఇచ్చారు. ఇది చట్టబద్ధమేనా?
— పాఠకుడు, జగిత్యాల

జవాబు: చట్టబద్ధమే. 2020లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు సవరించారు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే వ్యవస్థ, పంచర్ కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. ఊళ్లో తిరగడానికి ఇబ్బంది లేదు. కిట్టులోని ద్రవం చిన్న రంధ్రాలనే మూస్తుంది, తెగిన పక్కభాగానికి పనిచేయదు. కాబట్టి ఆసిఫాబాద్, తిర్యాణి అడవుల వైపు పోయేముందు అదే సైజు రిమ్ము, టైరు కొనుక్కోండి. అది మీకు రెండో స్టెప్నీ కాదు, మొదటిదే. ద్రవం వాడాక టైరు షాపులో ఆ సంగతి ముందే చెప్పండి, లోపల కడగకపోతే చక్రం ఊగుతుంది.

ప్రశ్న: రిమ్ము లేకుండా టైరు ఒక్కటే తీసుకెళ్తే బరువు సగం తగ్గుతుంది కదా? రెండూ వాడేశాక మూడోది తెగితే ఏం గతి?
— పాఠకుడు, పరకాల

జవాబు: బరువు తగ్గే మాట నిజమే, 15 కిలోల దాకా తగ్గుతుంది. రిమ్ము వంగితే మాత్రం అది మీకు ఉపయోగపడదు, గుంత దెబ్బకు రిమ్ములూ వంగుతాయి. టైరు ఎక్కించడం కూడా రోడ్డు పక్కన అయ్యే పని కాదు. ఎక్కించినా, టైరు అంచు రిమ్ములో టప్‌మని కూర్చోవాలంటే ఒక్కసారిగా బోలెడు గాలి కొట్టాలి, సిగరెట్ లైటర్ పంపుకు అంత ఊపిరి లేదు. లారీ టైర్లు చూసే పంచర్ షాపు కంప్రెసర్ దగ్గరే అది జరుగుతుంది. వాల్వు పిన్ను తీసేసి, అంచుకు సబ్బు నీళ్లు రాసి కొట్టమనండి. పెట్రోలు పోసి అంటించి కూర్చోబెడతామంటే ఒప్పుకోవద్దు, రిమ్ము పగిలి మనుషులు పోతారు. పెద్ద బండి, చిన్న జట్టు అయితే ఒకటి రిమ్ముతో, ఇంకోటి విడి టైరు అన్న పద్ధతి కుదురుతుంది. ఒక్కటే పెట్టుకునేవారు రిమ్ముతోనే పెట్టుకోండి.

మూడోది తెగితే దిక్కు ట్యూబు, గేటరు. అందుకే మీ టైరు సైజుకు సరిపడే ట్యూబు ఒకటి బయల్దేరేముందే కొని సీటు కింద పడేయండి, రెండు కిలోలే. పంచర్ షాపులో తెగిన చోట లోపలి నుంచి పాత టైరు ముక్కను, అంటే గేటరును, అతికించి ట్యూబు వేస్తారు. కోత రెండు అంగుళాలు దాటితే ఇదీ నిలవదు. ట్యూబు వేసేముందు టైరు లోపల చేయి పెట్టి తడిమి, పాత పురి తోకలు, స్టీలు తీగ మొనలు ఏవైనా ఉంటే కత్తిరించమనండి, లేకపోతే పది కిలోమీటర్లలో ట్యూబు చిల్లిపడుతుంది. ఆ చక్రాన్ని వెనక వైపు వేసి, గంటకు 40 దాటకుండా, ప్రతి పావుగంటకు ఆగి టైరు మీద చేయి పెట్టి చూడండి. చేయి ఆనలేనంత వేడెక్కితే చల్లారేదాకా ఆగండి. చల్లబరచాలని నీళ్లు పోయొద్దు, వేడి మీద గాలి తీయొద్దు.